బానెట్ కింద శుభ్రం చేసేటప్పుడు నీళ్లు తక్కువ, గుడ్డ ఎక్కువ

పోయిన సంక్రాంతికి ముందు మా బావ కారు బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన గుప్పెడు వరిగడ్డి, కాస్త కొబ్బరి పీచు, సగం కొరికిన జీడిగింజ కనిపించాయి. వాళ్లది నరసన్నపేట దగ్గర పల్లె. కళ్లం పక్కనే కారు పెడతారు. పైకి చూస్తే బండి అద్దంలా ఉంటుంది, వారం వారం కడుగుతాడు. "లోపల ఎప్పుడు చూశావు బావా?" అని అడిగితే, "సర్వీసింగులో వాళ్లే చూస్తారు కదా" అన్నాడు.

చూస్తారు, కాదనను. కానీ సర్వీసింగు ఏడాదికో, పది వేల కిలోమీటర్లకో వస్తుంది. ఆ మధ్యలో మన శ్రీకాకుళం జిల్లా వైపు బానెట్ కిందికి చేరే సరంజామా అంతా ఇంతా కాదు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది, దాని ఉప్పుగాలి ఉంది. టెక్కలి వైపు వెళితే గ్రానైట్ లారీల వెనక తెల్ల దుమ్ము. వేసవిలో ఎర్రమట్టి. కోతలయ్యాక పొలాల్లోంచి ఊళ్లోకి వచ్చే ఎలుకలు. ఇంటి ముందు వేపచెట్టు ఉంటే దాని ఆకు, పువ్వు, కాయ అన్నీ అద్దం కింది జల్లెడలోకే.

బానెట్ మూస్తే లోపలి మెరుపు ఎవరికీ కనిపించదు. నేను ఏడాదికి రెండుసార్లు ఈ పని పెట్టుకునేది వేరే కారణానికి. మట్టి గడ్డకట్టిన ఇంజిన్ మీద కొత్తగా ఆయిల్ చెమర్చినా, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారినా కంటికి ఆనదు. తుడిచి పెట్టుకున్న ఇంజిన్ మీదైతే వారంలో తెలిసిపోతుంది. పాత బండి నడిపేవాళ్లకు ఇది చాలా డబ్బు మిగులుస్తుంది.

నేను నేర్చుకున్న తీరు మాత్రం తప్పుడు తీరు. కొన్నేళ్ల కిందట సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొన్న కొత్తలో, రోడ్డు పక్కన ఒక వాటర్ సర్వీసింగ్ షెడ్డులో ఇచ్చి "ఇంజిన్ కూడా కడిగేయండి" అన్నాను. కుర్రాడు ముందు డీజిల్ స్ప్రే చేశాడు, తర్వాత గన్నుతో అన్ని మూలలా కొట్టాడు. చూడ్డానికి ముద్దొచ్చింది. హైవే ఎక్కి ఎచ్చెర్ల దాటకముందే బండి గుర్రంలా ఎగరడం మొదలెట్టింది, డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు మిణుకుతోంది. తోసుకుంటూ చేర్చిన మెకానిక్ షెడ్డులో పెద్దాయన స్పార్క్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ ఊడదీసి చూసి, "ఏటి బాబూ, ఇంజిన్‌కి తలంటు పోసేసినారేటి?" అన్నాడు. స్పార్క్ ప్లగ్గు కూర్చునే గుంటలో నీళ్లు నిలబడిపోయి ఉన్నాయి. ఒక కాయిల్ మార్చాల్సి వచ్చింది.

అప్పటి నుంచి నేనే చేసుకుంటున్నాను. రెండు, రెండున్నర గంటల పని. ఆదివారం పొద్దున్న సరిపోతుంది.

ముందు ఒక మాట. మీది ఎలక్ట్రిక్ కారో, హైబ్రిడ్డో అయితే బానెట్ ఎత్తగానే నారింజ రంగు లావుపాటి కేబుళ్లు కనిపిస్తాయి. వాటిలో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. అలాంటి బండిలో పొడిగుడ్డతో పైపై ప్లాస్టిక్ మూతలు తుడవడం వరకే మీ పని. మిగతాది కంపెనీ షోరూముకు వదిలేయండి. కింద రాసిందంతా మామూలు పెట్రోల్, డీజిల్ బండ్ల గురించి. సీఎన్‌జీ కిట్టు ఉన్న బండి అయితే గ్యాస్ పైపులు, రెగ్యులేటర్ జోలికి పోవద్దు. గ్యాస్ వాసన తగిలితే పని అక్కడే ఆపేసి మెకానిక్‌ను పిలవండి.

ఏమేం కావాలి

పెద్ద సామాను ఏమీ లేదు. గోడలకు రంగులేసే బ్రష్షు ఒకటి, అంగుళంన్నరది. పాత టూత్ బ్రష్షులు రెండు. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు, లేదంటే మెత్తబడిపోయిన కాటన్ లుంగీ ముక్కలు. నీళ్లు చిలికే స్ప్రే సీసాలు రెండు. నీళ్లలో కలిసే రకం డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే మందు, ఆటోమొబైల్ షాపులో అడిగితే ఇస్తారు. బ్యాటరీ కోసం తినే సోడా. కప్పడానికి ప్లాస్టిక్ కవర్లు, కట్టడానికి రబ్బరు బ్యాండ్లు. చేతికి రబ్బరు గ్లౌజులు, ముక్కుకు మాస్కు. బ్యాటరీ టెర్మినల్ విప్పడానికి చాలా బండ్లకు పది నంబరు పానా సరిపోతుంది.

కొననక్కర్లేనివీ చెప్పాలి. కిరోసిన్, డీజిల్, పెట్రోలు దగ్గర పెట్టుకోవద్దు. జిడ్డు వదులుతుంది నిజమే. కానీ అవి రబ్బరు పైపులను, సీళ్లను ఉబ్బిస్తాయి. అడుగున మిగిలిన తడి మీద దుమ్ము మళ్లీ ముద్దలా పడుతుంది. సైలెన్సర్ పైపు వేడికి అంటుకునే ప్రమాదం సరేసరి. గిన్నెలు తోమే సబ్బు, బాత్‌రూమ్ యాసిడ్డూ వద్దు. అల్యూమినియం మీద మచ్చలు పడతాయి, ఒకసారి పడితే పోవు.

చోటు విషయం. చెరువు గట్టున, నాగావళి రేవులో బండ్లు కడగడం మనకు అలవాటే. ఇంజిన్ జిడ్డు నీళ్లలోకి పోతే ఆ నీళ్లు మళ్లీ మన ఇళ్లకే వస్తాయి. ఇంటి దగ్గర చదునైన చోట, నీడలో, బావికి, పెరటి మొక్కలకు దూరంగా చేసుకోండి. జిడ్డు గుడ్డలు పొయ్యిలో వేయకండి.

మొదట బండి చల్లారాలి

ఈ ఒక్కదానిలో తొందర పనికిరాదు. ఊరి నుంచి వచ్చి ఇంజిన్ ఆపగానే మొదలుపెట్టవద్దు. ఇంజిన్ నుంచి పొగ సైలెన్సర్‌లోకి పోయే మ్యానిఫోల్డ్ మీద చెయ్యి పెడితే తోలు ఊడొస్తుంది, చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. డీగ్రీజర్ వేడి లోహం మీద నిమిషంలో ఆవిరై మరక మాత్రమే మిగులుతుంది. గంట, గంటన్నర ఆగండి. నేనైతే రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే ముట్టుకుంటాను.

రేడియేటర్ మూత గురించి పెద్దక్షరాలతో రాసుకోండి. వేడిగా ఉన్నప్పుడు విప్పకూడదు. లోపల కూలెంట్ ఒత్తిడిలో ఉంటుంది, అందుకే వంద డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులు చేయగానే ఒత్తిడి పోతుంది, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇంకోటి, రేడియేటర్ ఫ్యాన్. అది కరెంటు ఫ్యాను. కొన్ని బండ్లలో తాళం తీసేసినా, ఇంజిన్ వేడిగా ఉంటే దానంతటదే తిరగడం మొదలెడుతుంది. మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ, చేతికి కడియం, ఉంగరం తీసి పక్కన పెట్టి రండి. ఉంగరం ఫ్యాను కోసమే కాదు. బ్యాటరీ పాజిటివ్‌కీ బాడీకీ మధ్య బంగారు ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది.

పల్లెల్లో ఉండేవాళ్లు బానెట్ ఎత్తే ముందు దాని మీద రెండు దెబ్బలు గట్టిగా కొట్టండి. పిల్లి ఉంటే దూకి పోతుంది. చలికాలం వెచ్చదనానికి పాములూ చేరతాయి. నేనింకా చూడలేదు, చూడాలనీ లేదు.

ఫోటో తీసుకుని పొడిగా ఏరేయండి

బానెట్ ఎత్తి, కడ్డీ సరిగ్గా గాడిలో పడిందో లేదో చూసుకున్నాక, ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఏ పైపు ఎక్కడికి వెళుతోంది, ఏ క్లిప్పు ఎలా ఉంది అన్నది తర్వాత గుర్తుండదు. అంతకంటే ముఖ్యం, ఎక్కడెక్కడ ఆయిల్ తడి ఉందో ఇప్పుడే చూడాలి. మట్టి అంతా పొడిగా ఉండి ఒక్కచోట మాత్రం నల్లగా, ముద్దగా ఉందంటే అక్కడ లీకు ఉంది. తుడిచేస్తే ఆ ఆనవాలు పోతుంది. ఫోటో ఉంటే మెకానిక్‌కు చూపించవచ్చు.

తర్వాత ఆకులు. ముందు అద్దం కింద, వైపర్లు ఉండే చోట ఒక ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. వానాకాలంలో అద్దం మీద పడే నీళ్లన్నీ దాని కిందనున్న గొట్టాల గుండానే కిందికి పోవాలి. వేపాకు, చింతాకు చేరి అవి మూసుకుపోతే నీళ్లు పోయే దారి లేక కారు లోపలికి, ముందు సీటు కాళ్ల దగ్గరికి దిగుతాయి. "కార్పెట్టు తడుస్తోంది, ఎక్కడి నుంచో తెలియడం లేదు" అని తిరిగేవాళ్లలో చాలామందికి జబ్బు ఇక్కడే. వేళ్లతో ఏరండి, సన్నటి ముక్కలకు వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టండి. ఏరాక గ్లాసుడు నీళ్లు పోసి చూడండి, ముందు చక్రం దగ్గర కిందికి కారితే దారి బాగున్నట్టు.

ఎలుక గూడు గానీ, పెంటికలు గానీ కనిపిస్తే పద్ధతి మారుతుంది. చీపురు వేసి ఊడవకండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, పొడి పెంటికల దుమ్ము పీల్చడమూ మంచిది కాదు. గ్లౌజులు, మాస్కు వేసుకుని, నీళ్లలో కాస్త డెటాల్ లాంటిది కలిపి గూటి మీద చిలకరించి, తడిశాక గుడ్డతో పట్టి తీసి కవర్లో కట్టి పారేయండి. మళ్లీ రెండోసారి అదే నీళ్లతో తుడవండి. ఎండుగడ్డి ఒక్క పరక కూడా సైలెన్సర్ వైపు మిగలకుండా చూడండి. బండి తగలబడడానికి గుప్పెడు గడ్డి చాలు.

గూడు ఉందంటే వైర్లు కొరికి ఉంటుందనే అనుకోండి. నల్ల గొట్టాల లోపలి నుంచి రాగి తీగ మెరుస్తోందా అని లైటు వేసి చూడండి. కనిపిస్తే ఇక నీళ్లు వాడవద్దు, ముందు ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి.

బ్యాటరీ పని

తాళం చెవి జేబులో పెట్టుకుని, డోరు ఒకటి తీసి ఉంచండి. కొన్ని బండ్లు బ్యాటరీ తీయగానే లాకు పడిపోతాయి.

ముందు నెగటివ్, అంటే మైనస్ గుర్తు ఉన్న నల్ల వైరు విప్పండి. తర్వాతే పాజిటివ్. ఎందుకంటే బండి బాడీ మొత్తం నెగటివ్‌కు కలిసి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పుతుంటే పానా రెండో కొస బాడీకి తగిలిందా, నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది కాబట్టి ఆ రవ్వలతో ఆట వద్దు. బీడీ, సిగరెట్ సంగతి చెప్పాలా!

టెర్మినళ్ల మీద తెల్లగా, నీలంగా ఉప్పు పూసినట్టు ఉందా? అది యాసిడ్ పని. అర గ్లాసు నీళ్లలో చెంచాడు తినే సోడా కలిపి టూత్ బ్రష్షుతో రుద్దండి. బుసబుస పొంగుతుంది. పొంగడం ఆగేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల సందుల్లోంచి లోపలికి పోకూడదు. ఆ తెల్లపొడి కళ్లలో పడితే వెంటనే నీళ్లతో కడుక్కోవాలి, ఆలస్యం చేయవద్దు.

బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది. పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. కానీ ఇప్పుడే బిగించకండి, తుడవడం, ఆరబెట్టడం అంతా అయ్యాకే. బిగించాక వాజలిన్ పలచగా పూస్తే మన ఉప్పుగాలికి కొన్నాళ్లు తట్టుకుంటుంది. కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు మూడు నెలలకోసారి ఈ టెర్మినళ్ల వరకైనా చూసుకోవాలి. గడియారం, రేడియో స్టేషన్లు మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది, కంగారు పడకండి.

కప్పాల్సినవి కప్పండి

నీళ్లు పడకూడని చోట్లు: ఆల్టర్నేటర్ (మన మెకానిక్కులు డైనమో అంటారు), ఫ్యూజ్ బాక్సు, ఎయిర్ ఫిల్టర్ నోరు, కాయిళ్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) అనే అల్యూమినియం డబ్బా, దానికి వచ్చే లావు కనెక్టర్లు. ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. ఆయిల్ పోసే మూత, గేజ్ కడ్డీ, కూలెంట్ మూత, బ్రేక్ ఆయిల్ మూత బిగుతుగా ఉన్నాయా అని ఒక్కోదాన్నీ తిప్పి చూడండి.

ఇంజిన్ పైన నల్లటి ప్లాస్టిక్ మూత ఉన్న బండ్లలో దాన్ని పైకి లాగితే ఊడొస్తుంది. కొన్నిటికి బోల్టులు ఉంటాయి. అది తీసి విడిగా షాంపూ నీళ్లతో కడుక్కోవచ్చు. కానీ మూత తీశాక కింద కనిపించే కాయిళ్ల మీద నీళ్లు చల్లవద్దు. నా కథ మరిచిపోకండి.

బానెట్ లోపలి వైపు దూది పరుపులాంటిది ఉంటుంది. తడిపితే నీళ్లు పీల్చుకుని వేలాడుతుంది. బ్రష్షుతో పొడిగా దులిపితే చాలు.

అసలు తోమడం

డీగ్రీజర్‌ను డబ్బా మీద రాసినట్టే పలచన చేయండి. చిక్కగా ఉంటే ఎక్కువ పని చేస్తుందనుకోవద్దు, మరకలు ఎక్కువ పడతాయి. రెండో సీసాలో ఉత్త నీళ్లు.

పై నుంచి కిందికి వద్దు, కింది నుంచి పైకి పోవాలి. పైన ముందు చల్లితే నల్లటి చారలు కారి కింద ఆరిపోతాయి. ఒకేసారి అంతటా కొట్టేయకుండా, బండిని నాలుగు భాగాలు అనుకుని ఒక్కో భాగం పూర్తి చేయండి. వీలైనంత వరకు ఇంజిన్ మీద కాకుండా బ్రష్షు మీద, గుడ్డ మీద చల్లుకోండి. రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, బ్రష్షుతో తిప్పి, తడి ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. తర్వాత ఉత్త నీళ్లు చిలికిన గుడ్డతో మళ్లీ తుడవండి. జిడ్డు గడ్డకట్టిన చోట రెండుసార్లు, మూడుసార్లు చేయాలి. గోకడానికి స్క్రూడ్రైవరు తీసుకోవద్దు. పాత ఏటీఎం కార్డు మంచి పనిముట్టు.

చేతులకు అందని చోటు ఉంటే వదిలేయండి. అక్కడి మట్టి వల్ల బండి ఆగదు. అక్కడికి నీళ్లు పంపితే ఆగవచ్చు.

హోస్ పైపు అసలు వాడకూడదా? మరీ బురద పట్టి ఉంటే, అన్నీ కప్పాక, మొక్కలకు నీళ్లు పోసే ధారతో కింది భాగం వరకు కడగవచ్చు. గన్ను మాత్రం వద్దు. సర్వీసింగ్ షెడ్డుల్లో వాడే గన్నులు వంద బార్‌కు పైనే ఒత్తిడితో కొడతాయి. కనెక్టర్ల రబ్బరు సీళ్లు వానకు, రోడ్డు మీది చిమ్ముడుకు తట్టుకునేలా చేస్తారు గానీ అంత దగ్గరి నుంచి కొట్టే గన్నుకు కాదు. లోపలికి పోయిన తడి వెంటనే ఏమీ చేయదు. ఆరు నెలల తర్వాత పిన్నులకు చిలుము పట్టి, ఒకరోజు సెల్ఫ్ తీసుకోదు, ఒకరోజు తీసుకుంటుంది. ఇలాంటి రోగం వెతకడం ఏ ఎలక్ట్రీషియన్‌కైనా తలనొప్పి.

రేడియేటర్ ముందు వరసలో ఉండే సన్నటి రేకులు చేత్తో వంగిపోతాయి. వాటిలో ఇరుక్కున్న పురుగులు, గడ్డి మెత్తని బ్రష్షుతో రేకు వెంబడే, అడ్డంగా కాకుండా తీయండి. మే నెలలో ఏసీ చల్లబడడం లేదంటే గ్యాసు ఎక్కించే ముందు ఇక్కడ ఒకసారి చూడండి. ఏసీ కండెన్సర్ ఉండేది ఈ ముందు వరసలోనే.

బెల్టు మీద ఏ ద్రవమూ పడనీయవద్దు. డీగ్రీజర్ పడినా, పాలిష్ పడినా జారుతుంది, కీచుమంటుంది.

ఆరబెట్టడం

తుడిచాక కవర్లు తీసేసి, కనెక్టర్ల సందుల్లో పొడిగుడ్డ కొస దూర్చి తడి లాగండి. టైర్ల షాపులో గాలి కంప్రెసర్ ఉంటుంది గానీ బండి అక్కడిదాకా నడపాలి కదా. ఇంట్లో టేబుల్ ఫ్యాను పెట్టి బానెట్ తీసి గంటసేపు వదిలేయండి. ఎండాకాలమైతే అరగంట చాలు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు, గాలిలోనే తడి ఉంటుంది.

బ్యాటరీ బిగించే ముందు గుడ్డలు లెక్కపెట్టండి. ఆపరేషన్ చేసే డాక్టర్లు దూది లెక్కపెట్టినట్టు. ఐదు తెస్తే ఐదూ చేతికి రావాలి. ఒకసారి నా గుడ్డ ముక్క బెల్టు పక్కన ఉండిపోయింది, సెల్ఫ్ కొట్టే ముందు కనిపించింది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. బానెట్ తీసే ఉంచి, చేతులు దూరంగా పెట్టుకుని, పది పదిహేను నిమిషాలు ఇంజిన్ ఆడనివ్వండి. గోడల మధ్య షెడ్డులో వద్దు, పొగ ప్రాణాంతకం. పలచటి ఆవిరి లేస్తే అది మిగిలిన తడి, భయం లేదు. ఇంజిన్ వణుకుతూ ఆడినా, ఇంజిన్ లైటు మిణికినా ఆపేయండి. అలాగే నడిపితే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. కాయిల్ కంటే దాని ఖర్చు చాలా ఎక్కువ. కాసేపు ఆరనిచ్చి మళ్లీ చూడండి, అప్పటికీ అంతే ఉంటే మెకానిక్.

ఎలాగూ బానెట్ తీశారు కాబట్టి

ఆయిల్ గేజ్ కడ్డీ: ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. రెండు గీతల మధ్య ఉండాలి. నల్లగా ఉండడం తప్పు కాదు. డీజిల్ బండిలో మార్చిన వారానికే నల్లబడుతుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే మాత్రం ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టే, బండి కదపకండి.

కూలెంట్ డబ్బా మీదా రెండు గీతలు ఉంటాయి. తగ్గితే అదే రకం కూలెంట్ పోయాలి, రంగు చూసి కాదు, డబ్బా మీద రాసింది చూసి. "నీళ్లే కదా" అని బోరు నీళ్లు పోసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. తీరంలో బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో టీ పెట్టుకునేవాళ్లకు తెలుసు. ఆ ఉప్పూ సున్నమూ రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుపోతాయి. దారిలో దిక్కులేకపోతే డిస్టిల్డ్ వాటర్ పోయండి, తర్వాత కూలెంట్ మార్పించుకోండి. ఒలికిన కూలెంట్ తుడిచేయండి. దానిలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పసిపిల్లలు నాకే ప్రమాదం ఉంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా మూత ఊరికే తీయవద్దు, గాలిలో తేమ పీల్చుకుంటుంది. డబ్బా బయటి నుంచే మట్టం కనిపిస్తుంది. తగ్గిందంటే బ్రేక్ ప్యాడ్లు అరిగాయన్నా అయి ఉండాలి, ఎక్కడో కారుతోందన్నా అయి ఉండాలి. నింపేసి ఊరుకోకుండా చూపించుకోండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, రంగు లేచిపోతుంది.

రబ్బరు పైపులు చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూడండి. పెళుసుగా, చిటచిటలాడితే వయసు అయిపోయింది. బంకబంకగా ఉబ్బితే ఆయిల్ తాగింది. డీజిల్ బండివాళ్లకు ఒక హెచ్చరిక: ఇంజిన్ ఆడుతుండగా ఇంజెక్టర్ పైపుల దగ్గర లీకు ఉందేమోనని చెయ్యి అడ్డం పెట్టి చూడవద్దు. ఇంజెక్టర్లకు డీజిల్ పంపే కామన్ రైల్ గొట్టంలో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, సన్న ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ కాగితంది అయితే కడగకూడదు. దులిపితే దుమ్ము రాలిపోయేంత వరకు పర్వాలేదు. పొలం గట్ల మీద, క్వారీ దారుల్లో తిరిగేవాళ్లు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చుకోండి.

మెరుపు పాలిష్ కావాలనే సరదా ఉంటే నీళ్ల రకం తెచ్చి, గుడ్డకు రాసి, ప్లాస్టిక్ మూతల మీద మాత్రం తుడవండి. నాకైతే జిడ్డు పాలిష్ కొట్టిన ఇంజిన్‌తో అమ్మకానికి వచ్చిన పాత కారును చూస్తే అనుమానమే వస్తుంది. ఏదో లీకు దాస్తున్నారని.

ఎలుకలకు మందేమిటి అని అందరూ అడుగుతారు. పొగాకు కాడలు, కలరా ఉండలు, మిరియాల స్ప్రే, అన్నీ చూశాం. వాసన ఉన్నన్నాళ్లు పని చేస్తాయి, కలరా ఉండల కంపు ఏసీలోంచి మనకే వస్తుంది. మా బావ చివరికి చేసింది ఏమిటంటే, కోతల నెలల్లో బండిని కళ్లానికి దూరంగా సిమెంటు గచ్చు మీద పెట్టడం, రాత్రి బానెట్ తీసి లోపల చిన్న ఎల్‌ఈడీ లైటు వేలాడదీయడం. చీకటి, వెచ్చదనం లేకపోతే ఎలుక ఇంకో ఇల్లు చూసుకుంటుంది. రెండు రోజులకోసారి బండి తీయడమూ మంచిదే. నెలల తరబడి కదలని కారే దానికి ఇష్టం.

తుపాను గురించి కూడా. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లా ఎలా అయిందో అందరికీ గుర్తే. అలాంటి వానల్లో బండి చక్రాలు మునిగేంత నీళ్లలో నిలబడితే, నీళ్లు తీశాక ఎంత శుభ్రంగా కనిపించినా సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్‌లో నీళ్లు ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కట్టి లాక్కెళ్లడమే దారి. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోటోలు ముందే పంపండి.

పని అయిన రోజు రాత్రి ఇంజిన్ కింద ఒక పెద్ద అట్టముక్క పరచండి. ఫ్రిజ్ వచ్చిన డబ్బా అట్ట బాగుంటుంది. పొద్దున్నే తీసి చూడండి. రంగు లేని చుక్కలు ఏసీ నీళ్లు, లేదా నిన్నటి తడి. నల్లగా, గోధుమరంగుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చ, ఎరుపు, నీలం ఏదైనా జారుడుగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. చుక్క పడిన చోటి చుట్టూ పెన్నుతో గీత గీసి, బండి ముందు ఎటు ఉందో బాణం గుర్తు వేసి, అట్టను అలాగే మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లండి. మా పెద్దాయన నా అట్టను గోడకు ఆనించి, టీ తాగుతూ ఒక నిమిషం చూసి, బండి ముట్టుకోకుండానే "వాల్వ్ కవర్ ప్యాకింగ్" అన్నాడు.